నైరుతి బరువు

మా ఆయన తాగుబోతయినా బాగుండేది. ఈ మాట పైకంటే మా అత్తయ్య గుండె పట్టుకుని కూలబడుతుంది కాబట్టి లోపలే అనుకుంటున్నాను. తాగుబోతు భార్యకి వీధి వీధంతా తోడుంటుంది. పక్కింటి పిన్ని కాఫీ పట్టుకొస్తుంది, ఎదురింటి అక్కయ్య తన మొగుణ్ణి కూడా కలిపి తిట్టి మనసు తేలిక చేస్తుంది. పొద్దున లేస్తే వెల్డింగ్ చేసే మొగుడున్నదాన్ని ఎవరు ఓదారుస్తారు? "నీకేందమ్మా శ్యామలా, పున్నారావు బంగారం, గడప దాటడు" అంటారు. దాటడు, నిజమే. గడప దాటకుండా ఉండి ఉండి చివరికి గడపకే చక్రాలు బిగించాడు. ఆ చక్రాల ఇంటిని జీపుకి తగిలించి, నరసరావుపేటలో మా వాకిట్లోంచి లాక్కొచ్చి, నాదెండ్ల దాటించి, కొండవీటి కొండల వెనక గ్రావెల్ దారి ఎక్కించి, ఏటవాలు సగంలో ఇరికించి, చక్రాల వెనక రెండు బండరాళ్లు తోసి, "నువ్విందులోనే కూర్చో, కింద మిరపచేల్లో ట్రాక్టరుంది, ఇట్టా పోయి అట్టా తెస్తా" అని తలకి తువ్వాలు చుట్టుకుని దిగిపోయాడు. కూర్చున్నాను. కూర్చోక ఎక్కడికి పోతాను, బయట నీడంటూ లేదు, ఉన్న నీడంతా ఈ డబ్బాలోనే ఉంది, ఆ నీడ కూడా రేకుల కింద ఉడుకుతున్న నీడ.

ఇల్లంతా వెనక్కి వాలి ఉంది. పరుపు మీద కూర్చుంటే మెల్లగా జారి వెనక గోడకి అతుక్కుంటున్నాను, మళ్లీ పైకి పాకుతున్నాను, మళ్లీ జారుతున్నాను, నాతోపాటు దిండు, ఉల్లిపాయల సంచి, ఆయన టార్చిలైటు, అందరం కలిసి ప్రయాణిస్తున్నాం, కనీసం మేమైనా కదులుతున్నాం. జీపు పైకి లాగుతుంటే ఈ డబ్బా వెనక భాగం కంకరలో దిగబడింది, ముందు నొగ పైకి లేచింది, దాంతోపాటు జీపు తోక కూడా లేచింది, వెనక చక్రాలు గాల్లో తిరిగినట్టు గిర్రున తిరిగి ఎర్రదుమ్ము లేపాయి తప్ప జానెడు ముందుకు పోలేదు. ముందు చక్రాలకి కూడా శక్తినిచ్చే లివరు ఒకటుందట, అది ఎప్పుడో బిగుసుకుపోయింది. క్లచ్ కాలిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఆయన దిగాడు. టైరుని కాలితో తన్నాడు. దారిని చూశాడు, కొండని చూశాడు, చివరికి నన్ను కూడా చూశాడు. "దారి బాలేదు" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన నోటి నుంచి తప్పు అనే మాట ఆయన పేరు పక్కన ఒక్కసారీ వినలేదు. దానికి బదులు చానా మాటలున్నాయి ఆయన దగ్గర. దారి బాలేదు. కాలం బాలేదు. సరుకు బాలేదు. అదట్టా అయిపోయింది. చెంబు చెయ్యిజారితే చెంబే జారిపోయింది, ఆయన చెయ్యి ఆ సమయానికి అక్కడే ఉందనుకోండి, అది వేరే సంగతి.

ఫోన్ తీసి చూశాను. సిగ్నల్ లేదు. నాదెండ్ల దగ్గర ఆఖరిసారి మోగినప్పుడు వచ్చిన సుల్తానా మెసేజీ అట్టాగే ఉంది. "శనివారం రాత్రి బస్సు. గండికోటలో గుడారాలు. నీ పేరున ఒక సీటు ఆపా. సాయంత్రంలోగా వస్తావో రావో చెప్పి చావవే." సుల్తానా నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, మెసేజీ కూడా వెనక బెంచీ వాళ్లకి వినపడేట్టు రాస్తుంది. సాయంత్రం ఎంతో దూరంలో లేదు. కొండ నీడ అప్పుడే పత్తిచేల అంచుదాకా పాకింది. చెప్పకపోతే ఆ సీటు ఎవరో నిడుబ్రోలు ఆవిడకి పోతుందట. పోనీ అనుకుందామంటే మనసు ఊరుకోదు. నేను పెళ్లయ్యాక చుట్టాల ఇల్లు కాని చోట, దేవుడి సత్రం కాని చోట ఒక్క రాత్రి పడుకోలేదు. ఎక్కడ పడుకున్నా పొద్దున్నే ఎవరికో ఒకరికి టిఫిను చెయ్యాలి. ఏ బంధుత్వమూ లేని చోట, ఎవడికీ ఉప్మా చెయ్యనక్కర్లేని చోట కళ్లు తెరవాలని ఉంది నాకు, ఇంతే, పెద్ద కోరికేం కాదు, మోక్షం అడగలేదు.

ఈ కోరిక మా ఆయనకి తెలియదనుకుంటే పొరపాటే. తెలిసే ఈ బండి తయారయింది, అదే అసలు తిప్పలు. డిసెంబర్లో సుల్తానా వాళ్లు అరకు పోయారు. నేనూ పోవాల్సింది. స్వెట్టరు కొన్నాను. ఈ ఎండల జిల్లాలో స్వెట్టరు కొనడమంటే ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. అద్దం ముందు వేసుకుని చూసుకున్నాను, చెమటలు పట్టినా విప్పలేదు. ఆయన వద్దనలేదు. వద్దంటే ఎంత బాగుండేది, పోట్లాడేదాన్ని, పోట్లాడితే గెలిచేదాన్ని, ఆ విద్య నాకుంది. ఆయన గుమ్మంలో నిలబడి ఎంతో ప్రేమగా, "రైళ్లల్లో బస్సుల్లో పడి ఎందుకే ఆ తిప్పలు? మన ఇల్లు మనమే తీసుకుపోదాం. నాలుగు రోజులాగు, బండి అయిపోద్ది. ఫస్టు నువ్వే ఎక్కాలి" అన్నాడు. ఆ ప్రేమ మీద ఎక్కడ కొట్టాలో తెలియలేదు. స్వెట్టరు మడిచి బీరువాలో పెట్టాను. సుల్తానాకి ఫోన్ చేసి మా అత్తయ్యకి మోకాలు పట్టేసిందే, లేవలేకపోతోంది, నేను రాలేను అని చెప్పాను. మొగుడు ఆపాడని చెప్పుకోవడం నాకు చేతకాదు. అత్తయ్య మోకాలు ఆ సమయానికి పక్కవీధి పేరంటానికి నడిచిపోతోంది. నాలుగు రోజులు నెలయింది, నెల రెండయింది. అరకు ఫోటోలు వచ్చాయి. పొగమంచులో వరసగా నిలబడి అందరూ పళ్లు బయటపెట్టి వణుకుతున్నారు. వణకడం కూడా ఒక భాగ్యమేనని అప్పుడే తెలిసింది నాకు, మా వాకిట్లో గ్రైండర్ మిషను చప్పుడుకి వణుకుతూ.

దీని పూర్వజన్మ జనరేటర్ బండి. షామియానాలు అద్దెకిచ్చే వాళ్ల దొడ్లో, ఒరిగిన పందిరి రాటల మధ్య, రెండు చక్రాల మీద తుప్పు పట్టి పడుంటే కారుచౌకగా వచ్చిందని తోలుకొచ్చాడు. కారుచౌక అనే మాట విన్నప్పుడే నా ఎడమకన్ను అదిరింది. అడుగున కమాను పట్టీలు మార్చాడు, జీపు టైర్లేశాడు, చదరపు గొట్టాలతో చట్రం కట్టాడు, రేకులు కప్పాడు, పైన టార్పాలిన్ గుడారం మడిచి బిగించాడు. నేను వడియాలు పెట్టుకునే చోట వెల్డింగ్ మిషను కూర్చుంది. దండెం మీద ఆరేసిన చీరలకి నిప్పురవ్వలు పడి ఎక్కడ చూసినా చిల్లులు, అచ్చం చుక్కల డిజైను, షాపులో అయితే ఎక్కువ తీసుకునేవాళ్లు. నా పోపులపెట్టెలో ఆవాల గిన్నె తియ్యబోతే నట్లొచ్చాయి, జీలకర్రలో వాషర్లు. ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసినా అడుగున పాత అక్షరాలు చావలేదు, ఎండ ఏటవాలుగా పడితే ఇప్పటికీ చదవొచ్చు, పెళ్లిళ్లకు, పేరంటాలకు, పెద్దకర్మలకు అని. ఇవాళ సాతులూరు దగ్గర ఒకాయన స్కూటరు అడ్డం పెట్టి ఆపి మరీ అడిగాడు, అన్నా, ఎల్లుండి మా నాయన పెద్దకర్మ, జనరేటరు ఖాళీ ఉందా అని. మా ఆయన ముఖం చూడాల్సింది. నేను నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి దగ్గాను, అంతే.

ఇదంతా ఫోన్లో వీడియోల వల్ల. ఎవడో ఎర్రగడ్డం వాడు, ఏ దేశమో, ఒక చిన్న బండిని గుట్టల మీద లాక్కుపోయి, తలుపు ఎత్తితే వంటిల్లు, లాగితే పడకగది, మీట నొక్కితే స్నానాలగది. అది చూసి చూసి మా ఆయన కళ్లల్లో ఒక వెలుగొచ్చింది. "ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ ట్రైలర్ అంటారమ్మా" అని అత్తయ్యకి చూపించాడు. "ఆఫ్‌రోడ్డంటే ఏందిరా?" "రోడ్డు లేని చోటికి పోయేది." అత్తయ్య ఆలోచించింది. "రోడ్డే లేని చోటికి మనకేం పనిరా?" అంది. మా ఇంట్లో ఇంతవరకు ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అదే గొప్పది, దానికి జవాబు ఇప్పుడు నేనిక్కడ కూర్చుని చెమటల్లో చెబుతున్నాను. ఇంకో సంగతి. ఆ ఎర్రగడ్డం వాడి బండిలో అన్నీ ఉన్నాయని అన్నీ పెట్టాడు మా ఆయన, దీపాలు, ఫ్యాను, మడతబల్ల, పాలగ్లాసులు పెట్టుకునే గూడు కూడా. మరుగుదొడ్డి పెట్టలేదు. అడిగితే, "చుట్టూ అడివేగా" అన్నాడు. మగవాడికి అడివి ఎంత విశాలమో. నేను పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఉన్నాను, రేపు పొద్దున దాకా ఎట్టా ఉండాలో లెక్కలేసుకుంటూ, ప్రకృతి ఒడిలో.

ఇంత తిడుతున్నానా, మళ్లీ ఆ వెలుగు గుర్తొచ్చేసరికి నాలుక చప్పబడుతుంది. మాది నాపరాళ్ల వ్యాపారం. మాచర్ల రాయి, దాచేపల్లి రాయి, పాలిష్ పట్టి అమ్మే యార్డు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో చెప్పులిప్పి నడిచినా మా రాయి మీదే నడిచారు. టైల్స్ వచ్చాక రాయి అడిగేవాడు తగ్గాడు, ఆ తర్వాత లేడు. పాలిష్ మిషను ఆగిపోయిన రోజు మా ఆయన యార్డు గేటు వేసి ఇంటికొచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆ తడి చేతినే చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. రాతిపొడి లేని ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు. ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ పొద్దున చొక్కా వేసుకుని వీధరుగు మీద కూర్చునేవాడు, ఎక్కడికో పోవాల్సిన మనిషి లాగా. జనరేటర్ బండి వచ్చిన రోజున ఆ చొక్కా విప్పి పాత బనీను వేసుకున్నాడు. సాయంత్రానికి చేతులు నల్లగా అయ్యాయి, సబ్బు అడిగాడు. ఆ గొంతులో హుషారు విని నేను వంటింట్లో నిలబడిపోయాను. అందుకని ఊరుకున్నాను. చీరలు కాలినా, వడియాలు పోయినా, అరకు పోయినా ఊరుకున్నాను. ఊరుకున్నందుకు నా మీద నాకు కోపం, ఊరుకోబెట్టినందుకు ఆయన మీద కోపం, రెండు కోపాల మధ్య ఈ రేకుల డబ్బా, దీంట్లో జారుతున్న నేను. ఇప్పుడు గండికోటకి వస్తానని చెబితే దానర్థం ఏంటి? నీ బండి నా కోసం చేశావు, నేను మాత్రం బస్సెక్కి వేరే గుడారంలో పడుకుంటాను అని. మళ్లీ ఆ తడి చెయ్యి చూసుకుంటూ కూర్చుంటాడేమో. రానని చెబితే? రానని చెబితే నేనే ఏదో ఒకటి చూసుకుంటూ కూర్చుంటాను, చూసుకోవడానికి నాకు స్వెట్టరుంది.

మళ్లీ జారాను. ఈసారి డ్రమ్ముకి తల తగిలింది. నిండా నీళ్లున్న నీలం డ్రమ్ము, వెనక కుడిమూల. దాని పక్కన రెండు బ్యాటరీలు. వాటి పక్కన పనిముట్ల ఇనపపెట్టె, జాకీ, బియ్యం సంచి. వీటన్నిటికీ రాజులాగా నాపరాయి బండ, వంటబల్ల కోసం. చెక్కతో చెయ్యొచ్చుగా అంటే, ఇంట్లో రాళ్లు పెట్టుకుని బయట చెక్క కొంటామా, నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు. ఎర్రగడ్డం వాడు ఏమనుకుంటాడో మరి. అన్నీ వెనక కుడిమూలే, ఎందుకంటే అది నైరుతి. ఔను, బండికి వాస్తు చూపించారు మా వాళ్లు. వాస్తు చెప్పే వెంకట్రామయ్యగారు టేపు పట్టుకుని వచ్చి, ఈ డబ్బా చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, నొగ గేటు వైపు ఉంది, గేటు తూర్పు, కాబట్టి ఇది తూర్పు ముఖం గృహం అన్నారు. పొయ్యి ఆగ్నేయంలో. బరువంతా నైరుతిలో, నైరుతి తేలిగ్గా ఉంటే యజమానికి నిలకడ ఉండదు. నేను నీళ్ల డ్రమ్మయినా ముందుకు పెట్టండి, నీళ్లు ఈశాన్యం కదా అన్నాను, ఆయన శాస్త్రంతోనే ఆయన్ని కొడదామని. ఆయన చిరునవ్వు నవ్వారు. "భూమి లోపలుంటే సంపు తల్లీ, అది ఈశాన్యం. భూమి పైనుంటే ట్యాంకు, అది నైరుతి. మీ డ్రమ్ము భూమి లోపలుందా, పైనుందా?" పైనే ఉంది. ఓడిపోయాను. "మరి బండి మలుపు తిరిగితే నైరుతి ఎటు పోయిద్దండీ?" అనడిగాను. వెంకట్రామయ్యగారు నా వంక కాకుండా మా ఆయన వంక చూశారు. మా ఆయన అత్తయ్య వంక చూశాడు. అత్తయ్య నా వంక చూసింది. "కాఫీ పట్రా" అన్నారు ఎవరో. ఇవాళ పొద్దున గేటు దాటి వీధి మలుపు తిరగ్గానే మా నైరుతి వాయవ్యమైంది, స్టేషన్ రోడ్డుకొచ్చేసరికి ఈశాన్యమైంది, నాదెండ్లలో అది ఏ దిక్కో దేవుడికే తెలియాలి, బరువు మాత్రం ఎక్కడ పెట్టిందక్కడే ఉంది, తోకలో.

ఇరుసుకి ముందుండాలి బరువు. ఇది చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనకండి. కాఫీ ఇచ్చి వచ్చాక చెప్పాను, రంగు వేసేటప్పుడు చెప్పాను, రాత్రి దీపం తీశాక కూడా చెప్పాను. "బియ్యెస్సీ చదివితే ట్రైలర్లు తెలిసిపోతాయా?" అన్నాడు. బియ్యెస్సీ ఏంటి, మా పుట్టింట్లో పసిపిల్లకి కూడా తెలిసిన విషయం. మా నాన్న పత్తి బోరేలు బండికెత్తేటప్పుడు నన్ను నొగ మీద కూర్చోబెట్టేవాడు, నా బరువుతో ఏమవుతుందో గానీ నాకు మాత్రం లోకమంతా నా వల్లే నిలబడి ఉన్నట్టుండేది. వెనక ఎక్కువ పడితే కాడి పైకి లేస్తుంది, లేస్తే ఎడ్ల మెడకింద పట్టెడ బిగుసుకుని ఉరి పడుతుంది, ఎద్దు గుడ్లు తేలేస్తుంది. కాడి మెడ మీద కాస్త నొక్కాలి, అప్పుడే ఎద్దుకి కాళ్లు నిలుస్తాయి. మా ఆయనా రైతు బిడ్డే. ఆయనకీ తెలుసు. ఎడ్లయితే ఈ పని చచ్చినా చేసేవాడు కాదు. జీపుకి గుడ్లు తేలెయ్యడం రాదు కాబట్టి వాస్తు పెట్టాడు. నేను కిటికీలోంచి జీపు వంక చూశాను. తోక లేపి, ముక్కు కిందికి పెట్టి, పాపం అచ్చం ఉరి పడ్డ ఎద్దులానే ఉంది.

ఎప్పుడు లేచానో, ఎందుకు లేచానో తెలియదు. కొంగు బిగించి బియ్యం సంచి పట్టుకుని ముందుకి ఈడవడం మొదలుపెట్టాను. ఎత్తులోకి ఈడవాలి, ఒక అడుగు పోతే సగం అడుగు వెనక్కి, ఈ సంసారంలో అన్ని పనుల్లాగే. ముందు గోడకి ఆనించాను. ఉల్లిపాయలు. ఇనపపెట్టె మూత తీసి సుత్తులూ పానాలూ వేరే వేరేగా మోశాను, మొత్తంగా మొయ్యలేనిది విడివిడిగా మొయ్యొచ్చని ఏ ఆడదానికైనా తెలుసు. బ్యాటరీల తీగలు విప్పాలంటే భయమేసింది, నిప్పురవ్వలు నా చీరని గుర్తుపడతాయని, అయినా ఎర్రదీ నల్లదీ ఎక్కడుండేవో గుర్తు పెట్టుకుని విప్పాను, ఒక్కోదాన్ని చంటిపిల్లలాగా పొట్టకి ఆనించుకుని మోశాను, నడుం కలుక్కుమంది. డ్రమ్ము కదల్లేదు. తోశాను, కాళ్లతో తన్నాను, బతిమాలాను. చివరికి బిందె ఒకటీ కూజా ఒకటీ నింపుకుని, కొళాయి తిప్పేశాను. నీళ్లు వెనక తలుపు సందులోంచి కిందికి, ఎర్రటి కంకర మీదుగా గంతులేసుకుంటూ పల్లానికి పారిపోయాయి. నైరుతిలో నీళ్లు కారితే ఇంటి యజమానికి ధననష్టమట. ఎంత హాయిగా ఉందో. ఒక్క గ్లాసు నేను కూడా తాగాను, గడగడా, రేపటి సంగతి రేపు, చుట్టూ అడివేగా. ఇక బండ. బండని చూస్తూ కాసేపు నిలబడ్డాను, అది నన్ను చూసింది. యార్డులో పెద్ద బండల్ని ఎట్టా కదిలిస్తారో పెళ్లయిన కొత్తలోనే చూశాను, కింద గొట్టాలు పెట్టి దొర్లిస్తారు. నాకు గొట్టాల్లేవు. అప్పడాల కర్ర ఉంది, పప్పుగుత్తి ఉంది, టార్పాలిన్ బిగించే కర్ర ఉంది. ఒక అంచు ఎత్తి కర్ర దూర్చి, తోసి, వెనక మిగిలిన కర్ర తీసి మళ్లీ ముందు దూర్చి, జారకుండా తుండుగుడ్డ ఒత్తి, ఊపిరి తీసుకుని, తిట్టి, తోసి. ఎవరిని తిట్టానో వరస గుర్తు లేదు. వెంకట్రామయ్యగారిని, టైల్స్ కనిపెట్టినవాణ్ణి, ఎర్రగడ్డాన్ని, అరకు పొగమంచుని. ఈ కొండ పైకి కోట కట్టడానికి ఎన్ని రాళ్లు ఎక్కించారో ఆ కాలంలో, ఆ రాళ్లెక్కించిన వాళ్లకి ఇంటి దగ్గర పెళ్లాలేమన్నారో ఎవరూ చెప్పరు. పప్పుగుత్తి విరిగింది. బండ ఇరుసు దాటింది. దాటగానే ఇల్లంతా ఒక్కసారి ముందుకి తూగి, కింద కమాను పట్టీలు కిర్రున మూలిగి, జీపు తోక మెల్లగా, అలసిన ఎద్దు మోకాళ్లు దించినట్టు కిందికి దిగింది. నేను బండ మీదే కూర్చున్నాను. అరచేతులు మండుతున్నాయి. ఏడుపొచ్చింది, గెలిచినందుకో నడుం పట్టినందుకో తేల్చుకునేలోపే ట్రాక్టరు చప్పుడు వినపడింది.

మా ఆయన ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని, ఎర్రగడ్డం వాడు ఎడారి జయించి వస్తున్నట్టు వచ్చాడు. తోలేది నాగులు అనే ఆసామి, మిరపకాయలు తోలుకునే పని మధ్యలో వచ్చినట్టున్నాడు, ఒంటి నుంచి ఘాటు కొడుతోంది, తుమ్మొచ్చింది నాకు. దిగీ దిగగానే డబ్బా చుట్టూ తిరిగి రంగు కింద అక్షరాలు చదివాడు.

"అన్నా, పెద్దకర్మ ఎవరిది?"

"జనరేటరు కాదయ్యా. క్యాంపింగ్ బండి."

"అంటే?"

"అడివిలో పడుకోటానికి."

నాగులు నా వంక తిరిగాడు. "ఇల్లు లేదా అక్కా మీకు?"

"ఉండేది తమ్ముడూ" అన్నాను. "గొలుసు తగిలించకముందు ఒక్కసారి జీపుతో లాగి చూడమను మీ అన్నని."

"ఇందాకేగా చూసింది. దారి బాలేదు" అన్నాడు మా ఆయన, అని తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. చూసి ఆగిపోయాడు. ఖాళీ నైరుతి. ముందు గోడ దగ్గర కుప్పగా సంసారం. తడి నేల. విరిగిన పప్పుగుత్తి. నా చేతులు. ఎంతసేపు చూశాడో, నాగులు బీడీ వెలిగించుకున్నాడు. ఏదో ఒకటి అంటాడని నేను ఎదురుచూశాను, తిట్టినా సరే. ఆయన బండరాళ్లు అట్టాగే ఉండనిచ్చి, వెళ్లి జీపెక్కి స్టార్ట్ చేశాడు. చక్రాలు ఒక్క క్షణం కంకర చిమ్మి, పట్టుకున్నాయి. డబ్బా కదిలింది, బురద ఊడిన చప్పుడుతో, పెళ్లిళ్లూ పేరంటాలూ పెద్దకర్మలూ అన్నీ కలిసి గట్టెక్కాయి. నేను వెనక నడుచుకుంటూ ఎక్కాను, నా పక్కన నాగులు. "నన్ను కాయల దగ్గర్నించి లేపుకొచ్చింది ఇది చూట్టానికా?" అని అతను. "రేపు మా ఇంటిదానికి చెబుతా, నమ్మదు."

పైన చదును నేల. గాలి. కింద పత్తి, మిరప, ఎర్రగా ఆరబోసిన కళ్లాలు, దూరంగా నాదెండ్ల చెరువు మెరుస్తూ. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. బాగున్నందుకు కూడా ఒళ్లు మండింది. మా ఆయన జీపు దిగి, టైర్లు చూసి, తల పంకించి, నాగులుతో అన్నాడు. "ఎండకి కాస్త గట్టిపడినట్టుంది దారి." నాగులు నన్ను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, బీడీ పారేసి, "అంతే అన్నా, దారులట్టాగే ఉంటయ్" అని ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. దారి గట్టిపడిందట. నా అరచేతుల్లో బొబ్బలు దారివి. ఆ క్షణంలో తెగింది నాలో, ఇంతకాలం ఆయన తడి చెయ్యి తలుచుకుని పట్టి ఉంచిన పలుపు ఏదో. తెగిన చప్పుడు లేదు. ఫోన్ దానంతటదే కొంగు ముడిలో వరసగా మోగింది, పైన సిగ్నలుంది. తీసి ఆయన ముందే, ఆయన వంక చూడకుండా, సుల్తానాకి కలిపాను.

"వస్తన్నానే" అన్నాను. "సీటు ఉంచు."

"అమ్మయ్య! ఆ నిడుబ్రోలు ఆవిడకి ఇచ్చెయ్యబోతన్నా ఇప్పుడే." సుల్తానా గొంతు ఫోన్లో కాదు, కొండంతా వినపడుతుంది, క్లాసు చెప్పి చెప్పి అట్టా అయింది. "మళ్లీ ఆఖర్లో రానని చంపవు కదా? ఇంతకీ మీ అత్తకి మోకాలు తగ్గిందా? ఈసారైనా నిన్ను వదిలిద్దా ముసలామె?"

నేను నోరు తెరిచాను. తగ్గిందే, బాగా తగ్గింది, ఆయుర్వేదం నూనె అని చెబుదామని, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మా ఆయన జీపు పక్కనించి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. ఫోన్ తీసుకోలేదు. నా చెవి దగ్గరికి వంగి, అవసరం లేనంత గట్టిగా, ఊరికి అవతలున్న మనిషిని పిలిచినట్టు మాట్లాడాడు.

"అమ్మా సుల్తానా, నేను పున్నారావుని. మా అమ్మ మోకాలికి ఏమీ కాలేదమ్మా. గుండ్రాయిలాగుంది ఆమె. డిసెంబర్లో ఈమెని ఆపింది నేను."

"ఆఁ?" అంది అవతల సుల్తానా, మెల్లగా. సుల్తానా మెల్లగా మాట్లాడటం నేను కాలేజీ రోజుల్లో కూడా ఎరగను. ఈయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకుని నన్ను చూశాడు, మళ్లీ ఫోన్ వంక చూశాడు.

"బండి చేస్తన్నా, దాంట్లో తీసుకుపోతా అని ఆపా. ఆమె అడిగింది బండి కాదు. పోనీమని అడిగింది. అది నాకు తెలుసు, తెలిసే ఆపా. తప్పు నాదమ్మా."